ఉజున్‌బులక్ పటంలో రెండు ‘కొచ్’లు

స్కీ రిసార్టు ఎక్కడ కట్టాలో సయ్‌కల్ తేల్చేసింది. కంపెనీ ఒప్పుకుంది. పెట్టుబడి పెట్టే అల్మాటీ వాళ్లూ ఒప్పుకున్నారు. పునాదుల కోసం నేల తవ్వి చూసే డ్రిల్లింగ్ సిబ్బంది అప్పుడే ఉజున్‌బులక్ లోయకి వెళ్లి, ఇనుప గదులు దింపుకుని కాపురం పెట్టేశారు. ఇక మిగిలింది గోడకి తగిలించడానికి ఒక అందమైన పటం.

“పాతకాలం పటంలా ఉండాలి,” అన్నాడు కంపెనీ యజమాని తెమిర్లాన్. “వెనకాల ఆ సోవియట్ కాలపు పసుపు కాగితం కనిపించాలి. దానిమీద మన లిఫ్టులు ఎర్రగా మెరవాలి. అల్మాటీ వాళ్లకి అలాంటివంటే పిచ్చి. బుధవారం వచ్చేస్తున్నారు.”

“మంగళవారం మర్నాడేగా బైకె. అయిపోతుంది,” అంది సయ్‌కల్. బైకె అంటే కిర్గిజ్‌లో అన్నగారూ అని.

రేడియో బల్ల దగ్గర పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటున్న వాలెంతీనా పకపకా నవ్వింది. “పెళ్లై ఇన్నేళ్లైంది. ఈ పిల్ల నోట బుధవారం అన్న మాట ఇంకా రాలేదు.”

“రాదు కూడా,” అన్నాడు తెమిర్లాన్. “మంచి కోడలు.”

సయ్‌కల్ భర్త అన్నగారి పేరు శర్షెన్. కిర్గిజ్‌లో ఆ పేరు బుధవారం పేరులోంచి పుట్టింది. కోడలు బావగారి పేరు పలకకూడదు. దాన్ని పోలిన మాట కూడా పలకకూడదు. ఈ రోజుల్లో కరకోల్ పట్నంలో చాలామంది పాటించడం లేదు. కానీ సయ్‌కల్ అత్తగారు పాతకాలం మనిషి. అందుకే సయ్‌కల్ వారంలో ఆరు రోజులకే పేర్లున్నాయి.

ఉజున్‌బులక్‌లో ఉన్న డ్రిల్లింగ్ సిబ్బందికి పెద్ద ఆ శర్షెనే. తండ్రి పోయాక సయ్‌కల్ భర్తని చదివించి టీచర్ని చేసిందీ ఆయనే.

కిటికీ బయట మంచు మూడో రోజు కూడా ఆగకుండా పడుతోంది. లోయ దారి ముందురోజే మూసుకుపోయింది. ఆఫీసులో ఎవరికీ దిగులు లేదు. ఇంత మంచు పడే చోటు ఎంచినందుకు తెమిర్లాన్ పొద్దున్నుంచి ఆమెని రెండుసార్లు మెచ్చుకున్నాడు.

ఆ చోటు ఊరికే దొరకలేదు. వేసవిలో విమానం లోయ మీద ఎగురుతూ లేజర్ కిరణాలు కురిపించింది. వాటిలో కొన్ని చెట్ల కొసలకి తగిలి వెనక్కొచ్చాయి, కొన్ని కొమ్మల సందుల్లోంచి జారి నేలని తాకి వచ్చాయి. వాటితో సయ్‌కల్ కంప్యూటరులో లోయని మళ్లీ కట్టింది. ఏ వాలు ఎంత నిటారుగా ఉంది, ఏది ఉత్తరానికి తిరిగి ఉండి వసంతం దాకా మంచు నిలుపుకుంటుంది, గాలి ఎటునుంచి ఎటు ఊడుస్తుంది. ఒక్కో గుణానికి కొన్ని మార్కులు. వాటికి తోడు తన సొంత సూత్రం ఒకటి కలిపింది. పూర్వం పశుల కాపరులు గుడారాలు వేసిన చోట్లకి అదనపు మార్కులు. తరతరాలుగా మనుషులు పిల్లాపాపలతో పడుకున్న నేల మీదికి కొండ విరిగిపడదు. ఆ చోట్లు పాత సైనిక పటాల్లో ‘కొచ్.’ అని గుర్తు పెట్టి ఉంటాయి. రష్యన్‌లో గుడారాల చోటుని సూచించే మాటకి అది పొట్టిరూపం.

ఉజున్‌బులక్‌లో అలాంటివి రెండున్నాయి. ఒకటి వాగుకి ఇవతల, కొండ చీలిక కింద. రెండోది అవతల, ముసలి స్ప్రూస్ చెట్ల కింద మెట్ట మీద. ఇవతలిదే గెలిచింది. దారికి దగ్గర. పైగా దాని వెనక కొండ మీద పెద్ద చెట్లు లేని పొడవాటి పట్టీ ఉంది. చెట్టు కొట్టే పని లేకుండా తయారైన స్కీ బాట అని తెమిర్లాన్ ప్రతి సమావేశంలోనూ చెప్పేవాడు.

సయ్‌కల్ పాత పటాన్ని తెర మీదికి లాగింది. నిజానికి ఆ కాగితాన్ని ఆమె చూసి ఏడాది దాటింది. స్కాన్ చేసిన రోజునే కంప్యూటరు దానిమీది పేర్లన్నీ చదివి పట్టికలో పెట్టేసింది. వెతుకులాటలో తేడా రాకుండా అక్షరాలన్నిటినీ చిన్న అక్షరాలుగా మార్చమని సయ్‌కల్ చెప్పింది. ఆ తర్వాత అంతా పట్టికతోనే పని.

హోటలు బొమ్మ పెట్టడానికి ఇవతలి చోటుని పెద్దది చేసింది. ‘కొచ్.’ అని ఉంది. లిఫ్టు గీత గీయడానికి పటాన్ని పక్కకి జరిపింది. అవతలి చోటు వచ్చింది. అక్కడా ‘కొచ్.’

రెండూ ఒకలా లేవు.

రష్యన్ లిపిలో ‘క’ పెద్దక్షరమైనా చిన్నక్షరమైనా ఆకారం ఒకటే, తేడా ఎత్తులోనే. ఒంటరిగా చూస్తే పట్టుకోలేం. కానీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది. అవతలి దాంట్లో ‘క’ పక్క అక్షరాలతో సమానంగా ఉంది. ఇవతలి దాంట్లో తల పైకెత్తి ఉంది.

గుడారాల చోటు అని చెప్పే గుర్తుని చిన్నక్షరంతోనే రాస్తారు. పెద్దక్షరంతో మొదలైతే అది గుర్తు కాదు. పేరు. చోటు చాలక సగంలో నరికి చుక్క పెట్టిన పేరు.

“బైకె,” అంది. “ఇలా ఒకసారి రండి.”

తెమిర్లాన్ వచ్చి వంగి చూశాడు. “బాగుంది. ఎరుపు ఇంకాస్త పెంచు.”

“అది కాదు. కొచ్ అని మొదలయ్యే కిర్గిజ్ పేరు చెప్పండి.”

“కొచ్‌కోర్,” అన్నాడు వెంటనే. “పొట్టేలు. మన దేశంలో పొట్టేలు గుట్ట లేని లోయ ఉందా? ఏం?”

“ఇంకోటి?”

తెమిర్లాన్‌కి ఇంకో మాట తట్టింది. నవ్వు మొహంలోంచి మెల్లగా దిగిపోయింది. ఆ ఇంకో మాట కొచ్‌కూ. అంటే కొండ మీంచి విరిగిపడే మంచు చరియ.

“పొట్టేలే అయ్యుంటుంది,” అన్నాడు.

“అయితే బాగుండు.”

అడగడానికి మనిషి లేడు. కొల్‌ఖోజ్ అనే సోవియట్ కాలపు ఉమ్మడి వ్యవసాయ క్షేత్రం మందలు ఆ లోయకి వెళ్లడం మానేసి రెండు తరాలైంది. అక్కడి రాళ్ల పేర్లూ గుట్టల పేర్లూ తెలిసినవాళ్లు ఎప్పుడో మట్టిలో కలిసిపోయారు. సయ్‌కల్ పటం మూసేసి లేజర్ కొలతలు తెరిచింది. చెట్ల కొసల ఎత్తులోంచి నేల ఎత్తు తీసేస్తే మిగిలేది చెట్టు ఎత్తు. ఇంతకాలం చెట్లని ఆమె తీసి పారేసింది, నేల కోసం. ఇప్పుడు నేలని తీసేసి చెట్లని చూసింది.

కొండ పొడవునా ముదురు ఆకుపచ్చ, ముసలి స్ప్రూస్‌లు. వాటి మధ్య లేత రంగు పట్టీ, తెమిర్లాన్‌కి ఇష్టమైన బాట. అది ఉత్త ఖాళీ కాదు. దాన్నిండా పిల్ల చెట్లున్నాయి. అన్నీ ఒకే ఎత్తు. ఒకే ఏడాది కలిసి మొలిచినట్టు. అంటే అంతకుముందున్న చెట్లన్నీ ఒకే రోజున పోయి ఉండాలి.

పట్టీ కొండ దిగి, వెడల్పై, నాలుకలా వాగు దాకా చాచుకుంది. ఇనుప గదులు ఆ నాలుక మధ్యలో ఉన్నాయి. అవతలి మెట్ట మీద మాత్రం వందల ఏళ్ల చెట్లు వరస చెదరకుండా నిలబడ్డాయి.

“పొట్టేలు కాదు,” అంది సయ్‌కల్.

తెమిర్లాన్ అప్పటికే రేడియో బల్ల వైపు నడుస్తున్నాడు. “వాలెంతీనా, లోయని పిలువు.”

వాలెంతీనా గింజలు పక్కకి తోసి మీట నొక్కింది. “ఆఫీసు నుంచి ఉజున్‌బులక్. పలుకు నాయనా.”

“పలుకుతున్నా.” శర్షెన్ గొంతు వెచ్చగా, నిద్రమత్తుగా ఉంది. “టీ తాగుతున్నాం. నీకూ పొయ్యమంటావా?”

సయ్‌కల్ మైకు అందుకుంది. “బావగారూ, నేను.”

“నువ్వా అమ్మా? ఇంట్లో అంతా బాగేనా? అమ్మ మోకాలు ఎలా ఉంది?”

“బాగుంది. బావగారూ, మీరంతా అక్కణ్నించి కదలాలి. ఇప్పుడే. వాగు దాటి అవతలి మెట్టకి, పెద్ద చెట్ల కిందికి. మీ వెనకాల పట్టీ చరియ దారి.”

అటువైపు కప్పు కింద పెట్టిన చప్పుడు.

“ఇక్కడ దింపింది నీ పటమే కదమ్మా.”

“అవును. తప్పు చదివాను.”

“తప్పంటే ఏపాటిది?”

“ఒక అక్షరం. చిన్నదనుకున్నాను. పెద్దది.”

వెనకనుంచి ఎవరిదో గొంతు: “అక్షరం పెద్దదైందట, మూటలు కట్టండ్రోయ్.” నవ్వులు.

“ఊరుకోండ్రా,” అన్నాడు శర్షెన్. మళ్లీ మైకులోకి, ఓపికగా: “చూడమ్మా. బయట చెయ్యి చాపితే చెయ్యి కనపడట్లేదు. వాగు మీద మంచు గట్టిదో కాదో తెలియదు. ఈ గాలిలో వీళ్లని బయటికి తీసి ఒకణ్ని పోగొట్టుకుంటే వాడి తల్లికి నేనేం చెప్పను? తెరిపివ్వనీ. అప్పుడు కదులుతాం. నువ్వు కంగారు పడకు. పిల్లలకి అన్నం పెట్టావా?”

ఆయన మాటలో తప్పులేదు. ఆ మాట ఎవరన్నా ఆమె కూడా సరేననేది. ఆయనకి ఆమె గొంతు ఎప్పుడూ ఒకలాగే వినిపించింది. టీ ఇచ్చేటప్పుడూ అదే గొంతు, వీధి తలుపు తీసేటప్పుడూ అదే. ఇప్పుడూ అదే వినిపిస్తోంది. అందులో ప్రమాదం ఆనవాలు ఆయనకెలా దొరుకుతుంది?

బావగారూ అని మళ్లీ నోటిదాకా వచ్చింది. మింగేసింది.

“శర్షెన్,” అంది.

వాలెంతీనా తలెత్తి చూసింది. అటువైపు నవ్వులు తెగిపోయాయి. గాలి హోరు ఒక్కటే.

“ఏమన్నావు?”

“శర్షెన్ అన్నాను. బుధవారం నాడు మీరు మా ఇంట్లో భోజనం చెయ్యాలి, శర్షెన్. లేవండి.”

తర్వాత ఆయన గొంతు వచ్చింది. ఆమెతో కాదు.

“బూట్లు తొడగండ్రా. పొడవు తాడు తియ్యి. అందరం ఒకే తాడుకి. డ్రిల్లు సంగతి ఎత్తితే తంతాను.” ఆ తర్వాత మైకుకి దగ్గరగా, పొడిగా: “చేతి రేడియో తీసుకెళ్తున్నా. దాని బ్యాటరీ అంతంతమాత్రం. మీరు పిలవకండి. చేరాక నేనే పిలుస్తా.”

క్లిక్.

ఇక చేయడానికేమీ లేదు. వాలెంతీనా సిలువ గీసుకుని గింజల సంచీ డ్రాయరులో పెట్టేసింది. తెమిర్లాన్ గదిలో పచార్లు మొదలుపెట్టాడు.

“ఏమీ పడకపోతే,” అన్నాడు నడుస్తూనే, “అల్మాటీ వాళ్లు నన్ను చూసి ఏడాదిపాటు నవ్వుకుంటారు. ఒక అక్షరానికి భయపడి సైన్యాన్ని వెనక్కి పిలిచిన సేనాపతినని.” ఆగాడు. “నవ్వుకోనీ. అదే జరగనీ.”

సయ్‌కల్ తన తెర ముందు కూర్చుంది. ఇనుప గదుల పక్కన నాటిన స్తంభం గాలి వేగం, మంచు లోతు కొలిచి రేడియో మీదే ఆఫీసుకి పంపిస్తూ ఉంటుంది. గాలి గీత కంపిస్తూ సాగుతోంది. అది సాగుతున్నంతసేపూ అక్కడ ఏమీ కానట్టే. సాగు, సాగు అనుకుంటూ దాన్నే చూస్తోంది. వాళ్లు ఇప్పుడు గదుల వెనక్కి వచ్చుంటారు. ఇప్పుడు వాగు గట్టు. ఇప్పుడు మంచుని కర్రతో పొడిచి చూస్తూ ఉంటారు. లోయ కొలతలన్నీ ఆమెకి కంఠతా వచ్చు. కానీ మొల లోతు మంచులో, కళ్లు కనపడని గాలిలో ఒక అడుగు వెయ్యడానికి ఎంతసేపు పడుతుందో ఏ కొలతా చెప్పలేదు.

గీత ఒక్కసారిగా నిటారుగా లేచింది. కొండల్లో ఏ తుఫానుకీ లేనంత ఎత్తుకి.

ఆగిపోయింది.

ఆ తర్వాత తెల్లటి ఖాళీ. సయ్‌కల్ పేజీని మళ్లీ తెరిచింది. ఖాళీ.

“పడింది,” అంది.

తెమిర్లాన్ నడవడం ఆపేశాడు. ఎవరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూడలేదు. పిలవొద్దని ఆయన చెప్పాడు. వాలెంతీనా చెయ్యి మీట మీద, నొక్కకుండా ఉంది. కిటికీలో వెలుతురు నీలంగా మారుతోంది.

రేడియో గరగరలాడింది.

“ఆఫీసు.” గాలి. దగ్గు. “ఆఫీసు, ఉన్నారా?”

“ఉన్నాం,” అని ముగ్గురూ ఒకేసారి అరిచారు, మీట నొక్కకుండానే. వాలెంతీనా ముందు తేరుకుంది. “ఉన్నాం నాయనా. చెప్పు.”

“అందరం ఉన్నాం.”

సయ్‌కల్ బల్ల మీద తల వాల్చేసింది. చెక్క చల్లగా నుదుటికి తగిలింది. ఎంతో హాయిగా ఉంది.

“మెట్ట ఎక్కుతుండగా వచ్చింది,” అంటున్నాడు శర్షెన్. “ముందు గాలి వచ్చింది. అందర్నీ బోర్లా పడేసింది. తర్వాత ఆ చప్పుడు. ఇటు రాలేదు, వాగు దగ్గరే ఆగింది. పెద్ద చెట్ల కింద టార్పాలిన్ కట్టుకుని కూర్చున్నాం, నిప్పు కూడా రాజేశాం. గదులు లేవు. డ్రిల్లు లేదు. ఇస్కెందెర్‌గాడి కొత్త టోపీ పోయింది. బతికినందుకు సంతోషం లేదు వాడికి, టోపీ టోపీ అని ఒకటే ఏడుపు.”

“నక్క తోలుది,” అని వెనకనుంచి ఎవరో దీనంగా అన్నారు.

“కొనిస్తాం,” అన్నాడు తెమిర్లాన్ మైకు లాక్కుని. “రెండు కొనిస్తాం వాడికి.”

“సరే. ఇంకో మాట, ఆ అమ్మాయికి చెప్పండి, ఇంట్లో—”

బ్యాటరీ అయిపోయింది. ఈసారి ఆ నిశ్శబ్దం ఎవర్నీ భయపెట్టలేదు. వాలెంతీనా డ్రాయరు తెరిచి గింజలు బయటికి తీసి, ముగ్గురికీ పంచింది.

తెమిర్లాన్ కుర్చీలో కాక నేల మీద కూర్చుని, వీపు గోడకి ఆనించాడు. “డ్రిల్లు పోయింది,” అన్నాడు.

“పోయింది,” అంది సయ్‌కల్.

“పోనీ.” కాసేపు గింజలు నమిలాడు. తర్వాత నమలడం ఆపేశాడు. “హోటలు కట్టాక పడి ఉంటే? కొత్త సంవత్సరం రోజున, గదులన్నీ నిండాక?”

ఆ రోజు ఇక రానందుకు ముగ్గురి ఒళ్లూ ఒకేసారి తేలికపడింది. తెమిర్లాన్ నవ్వడం మొదలుపెట్టాడు. మొదట ముక్కులోంచి, తర్వాత కడుపులోంచి. ఆయన్ని చూసి వాలెంతీనా, ఆమెని చూసి సయ్‌కల్. కారణం అడిగితే ముగ్గురిలో ఒక్కరూ చెప్పలేకపోయేవారు.

మర్నాడు ఆకాశం కడిగిన గాజులా ఉంది. మంచు చదును చేసే బండ్లు దారి తెరిచాయి. సాయంత్రానికి సిబ్బంది ఊళ్లోకి వచ్చేశారు.

సయ్‌కల్ ఇంటికి వెళ్లేసరికి అత్తగారు వంటింట్లో మాంసం ఉడికిస్తోంది. మొక్కు తీర్చడానికి పొద్దునే గొర్రెని కోయించింది. వీధంతా తిని వెళ్లారు. సయ్‌కల్ కోటు విప్పకుండానే నిలబడిపోయింది. ఆమెకి తెలుసు. వాలెంతీనా నోట్లో పడ్డ మాట కరకోల్‌లో ఒక్క పూట కూడా దాగదు.

“నా పెద్ద కొడుకుని పేరు పెట్టి పిలిచావట,” అంది అత్తగారు, కుండలోంచి కళ్లు తిప్పకుండా.

“పిలిచానత్తయ్యా.”

“రేడియోలో. అందరూ వింటుండగా.”

“అవును.”

“గట్టిగా పిలిచావా?”

“గట్టిగానే.”

“మంచిపని చేశావు. చిన్నప్పట్నుంచీ అంతే వాడు. మెల్లగా పిలిస్తే వినపడదు.” గరిటెతో ఉప్పు రుచి చూసి, పక్కనున్న గిన్నె సయ్‌కల్ చేతిలో పెట్టింది. “కొవ్వున్న ముక్క నీకు తీసిపెట్టాను. నిలబడే తిను. లోపలికెళ్తే వాళ్లు మిగల్చరు.”

శర్షెన్ లోపల నేల మీద పరుపు వేసుకుని, దిండ్లకి చేరగిలబడి ఉన్నాడు. చెంపలు చలికి పగిలి ఎర్రగా ఉన్నాయి. సయ్‌కల్ మాంసం గిన్నె పక్కన పెట్టి, టీ తెచ్చి రెండు చేతులతో అందించింది. ఆయన పేరు సంగతి ఎత్తలేదు.

“ఇప్పుడు ఎక్కడ కడతారమ్మా?”

“మీరు కూర్చున్న మెట్ట మీదే, బావగారూ. కాపరులు నిజంగా పడుకున్న చోటు అదే. కానీ వాగు మీద వంతెన వెయ్యాలి. స్కీ బాట కూడా కొత్తగా చూసుకోవాలి. పక్క కొండ వెన్ను మీద వాలు బాగుంది. లేజర్ కొలతలన్నీ మళ్లీ మొదట్నుంచి చూస్తాను. అక్షరాలు కూడా. ప్రతి పేరూ కాగితం మీదే, నా కళ్లతోనే.”

“అల్మాటీ వాళ్లు?”

“తెమిర్లాన్ బైకె ఫోన్ చేసి అంతా చెప్పేశారు. ముందు తిట్టారట. తర్వాత, హోటలు కట్టకముందే తెలిసింది కదా అని వాళ్లే ఊపిరి పీల్చుకున్నారట. వస్తున్నారు. కొత్త చోటు చూస్తారట.”

“వంతెన సంగతి నాకొదిలెయ్. ఆ వాగు లోతెంతో నాకు తెలుసు. నిన్న ఒక కాలు దిగబడింది.” నవ్వబోయి, పగిలిన పెదవి మంట పుట్టి ఆగిపోయాడు. టీ గుక్క తాగాడు. “ఆ చెట్ల కింద కూర్చున్నప్పుడు వాటి మానులు తడిమి చూశాను. రెండు చేతులూ చుట్టూ అందలేదు. అప్పుడు నిద్రొచ్చింది నాకు. అంత మంచులో.”

ఇంకేదో అనబోయాడు. కళ్లు మూతలుపడ్డాయి. టీ గిన్నె చేతిలో పక్కకి ఒరుగుతుంటే సయ్‌కల్ వేళ్లు విప్పి తీసేసింది. ఆయనకి మెలకువ రాలేదు. కాసేపటికి గురక మొదలైంది, కొండ మీద బండి మొదటి గేరులో ఎక్కుతున్నట్టు.

భర్త గుమ్మంలోంచి తొంగి చూసి, అన్నని లేపి మంచం మీద పడుకోబెడదామా అని సైగ చేశాడు. సయ్‌కల్ వద్దన్నట్టు తల ఊపింది. తన కోటు తీసి ఆయన మీద కప్పింది. ఎదురుగా కూర్చుని ఆ గురక వింటూ, చల్లారిపోయిన మాంసం నెమ్మదిగా తినసాగింది.